మంత్రిగారి ముక్కు మీద మేస్త్రి కళ్లజోడు

"ఇకమీదట ఈ ఊళ్లో ఒక్క నిమిషం కూడా వృథా కాదని హామీ ఇస్తున్నాను!" అని మంత్రిగారు ప్రకటించారు. పొద్దున మొదలుకావలసిన సభలో ఆయన ఈ మాట అనేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. అప్పటిదాకా ఎండలో మాడిన జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. కొడితేనే ఇంటికి వెళ్లనిస్తారని కొట్టారని కొందరంటారు గానీ, అది గిట్టనివాళ్లు పుట్టించిన మాట.

సందర్భం చిన్నదేమీ కాదు. బజారు మధ్య ఉన్న గడియార స్తంభం ఏళ్ల తరబడి ఆగిపోయి ఉండేది. దాన్ని మళ్లీ నడిపించడానికి ప్రభుత్వం 'సమయ పునరుద్ధరణ పథకం, ఫేజ్ వన్' ప్రవేశపెట్టింది. ఫేజ్ వన్ అంటే వేరే ఏమీ కాదు, బజారు మలుపులో అద్దాల బడ్డీ పెట్టుకున్న గడియారాల మేస్త్రి ఒక నూనె డబ్బా, రెండు స్క్రూడ్రైవర్లు పట్టుకుని, సభకి ముందే నిచ్చెనెక్కి దాన్ని నడిపించడమే. కానీ శిలాఫలకం మీద అలా రాస్తే బాగుండదు కదా. అందుకని మంత్రిగారి పేరు రాశారు.

మేస్త్రిని కూడా వేదిక మీద వెనక వరసలో కూర్చోబెట్టారు. గౌరవించడానికి అనుకుని ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఉపన్యాసం మధ్యలో గడియారం ఆగిపోతే వెంటనే నిచ్చెన ఎక్కించడానికట. ఆ సంగతి ఆయనకు తర్వాత తెలిసింది.

మంత్రిగారు ఉపన్యాసం కాగితం తీశారు. జేబులు తడుముకున్నారు. పక్కకి చూశారు. పక్కనున్న పీఏ వెంటనే వంగి, "సార్ జోడు కార్లో మరిచిపోయారు. ఎవరిదైనా కళ్లజోడు ఇస్తారా, రెండే నిమిషాలు" అని వేదికంతా కలయజూశాడు.

వేదిక మీద కళ్లజోళ్లున్న అధికారులు చాలామందే ఉన్నారు. పీఏ తల తిప్పేసరికి అందరి ముక్కులూ ఖాళీ. వాళ్లది సుదీర్ఘమైన సర్వీసు, మంత్రిగారి సంగతి వాళ్లకి తెలుసు. మేస్త్రికి సర్వీసు లేదు. ఆయన ముక్కు మీద జోడు ఉన్నచోటే ఉంది. పైగా ఆయనకి లోపల కాస్త గర్వం కూడా కలిగింది. అంతమందిలో మంత్రిగారికి పనికొచ్చినవాణ్ని నేనే కదా అనుకుని, జోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి మరీ ఇచ్చాడు.

మంత్రిగారు అది పెట్టుకుని, కాగితం వైపు ఒకసారి చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కాగితం అక్కర్లేకుండా మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. మాట్లాడి, జనానికి చేతులూపి, జోడుతో సహా కారెక్కారు.

"అయ్యా! నా కళ్లజోడు!" అంటూ మేస్త్రి కారు వెంట పరుగెత్తాడు. ఆయన అంత గట్టిగా పరుగెత్తడం చూసి, తాము వెనకబడితే బాగుండదని పార్టీ కార్యకర్తలు కూడా పరుగెత్తారు. కార్యకర్తలు పరుగెత్తడం చూసి పోలీసులూ పరుగెత్తారు. మర్నాడు పత్రికల్లో 'మంత్రి కారు వెంట పరుగులు తీసిన అభిమానులు' అని ఫోటో వచ్చింది. అందరికంటే ముందున్న అభిమాని మేస్త్రే. ఆ ఫోటో ఆయనకి కనిపించలేదు, భార్య చెబితే తెలిసింది.

"ఏవండీ, మంత్రిగారు మీ జోడు పెట్టుకెళ్తే మీరేం పెట్టుకుంటారు?" అంది ఆవిడ.

"రేపో మాపో పంపిస్తార్లే. అంత పెద్దమనిషి మన జోడు ఉంచుకుని ఏం చేసుకుంటాడు?"

"అదే నేనూ అడుగుతున్నా. ఉంచుకుని ఏం చేసుకుంటాడు?"

అయినా ఆవిడ కూడా మొదటి రోజు ఇరుగుపొరుగుకి గొప్పగానే చెప్పుకుంది. కీలు దగ్గర మర ఊడిపోతే ఎర్ర దారం చుట్టి ముడేసింది ఆవిడే. తను కట్టిన దారం మంత్రిగారి చెవి పక్కన ఉందంటే మాటలా?

రేపు వెళ్లింది, మాపూ వెళ్లింది. జోడు రాలేదు. ఇక్కడ ఆ జోడు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మేస్త్రికి కళ్ల ఆపరేషన్ అయ్యాక ఒక కన్ను ఒక తీరు, రెండోది ఇంకో తీరు అయ్యాయి. బజారులో కళ్లద్దాల షాపాయన ఓపిగ్గా అరగదీసి, మార్చి, మళ్లీ అరగదీసి, గడియారం మేస్త్రి చేతికీ కంటికీ మధ్య ఎంత దూరముంటుందో కొలిచి మరీ చేసిచ్చిన అద్దాలవి. భూతద్దం కూడా ఆ జోడుకే తగిలించుకునేవాడు. ఆ షాపాయన పోయాడు, షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఫుట్‌పాత్ మీద దొరికే జోడు కొని పెట్టుకుంటే, ఒక్కో స్క్రూ రెండుగా కనిపించింది. లేని స్క్రూని చిమటా పట్టకారుతో పట్టుకోబోయి, ఉన్న స్క్రూని నేలపాలు చేశాడు.

ఆ స్క్రూ నర్సమ్మ వాచీది. వీధి చివర ఆస్పత్రిలో పనిచేసే పెద్ద నర్సు ఆవిడ. బడ్డీ ముందు స్టూలు మీద కూలబడి, "ఆ వాచీ ముల్లు చూసుకునే నేను నాడి లెక్కపెట్టేది మేస్త్రీ. ఇప్పుడు సెల్‌ఫోను పట్టుకుని లెక్కపెడుతుంటే, మేం చస్తుంటే ఈవిడ ఫోన్లో ఎవరితోనో ముచ్చట్లాడుతోందని పేషెంట్లు డాక్టరుకి చెప్పారు" అంది.

మేస్త్రి నేలంతా చేత్తో తడిమాడు. స్క్రూ దొరకలేదు. చేసే పని చేతిలోంచి జారిపోతున్నట్టు ఆయనకి మొదటిసారి భయమేసింది. ఆ భయంతోనే బడ్డీకి తాళం వేసి మంత్రిగారి ఆఫీసుకి బయల్దేరాడు.

ఆఫీసులో పీఏ ఫైళ్లలోంచి తలెత్తకుండా, "ఏ పని మీద?" అన్నాడు.

"కళ్లజోడు సార్."

"ఉచిత కళ్లజోళ్లు ఆరోగ్యశాఖ. మెట్లు దిగి కుడిపక్క."

"ఉచితం కాదు సార్. నాది. నేనే ఇచ్చాను. తిరిగిస్తారని వచ్చాను."

పీఏ అప్పుడు తలెత్తాడు. ఆ ఆఫీసులో ఇచ్చేవాళ్లని చూశాడు, తీసుకునేవాళ్లని చూశాడు, తిరిగి అడిగేవాణ్ని మాత్రం ఆయన చూడటం ఇదే మొదలు. "చూడు మేస్త్రీ, 'నాది, నాది' అనేది సంకుచితం. ప్రభుత్వం దగ్గరికి వచ్చాక ఏదైనా ప్రజలందరిదీ" అన్నాడు మెత్తగా.

"ప్రజలందరికీ ఆ పవర్ సరిపోదు సార్."

ఈ గోల విని కాబోలు, మంత్రిగారు లోపలికి పిలిపించారు. మేస్త్రికి పెద్ద బల్ల వెనక తెల్లగా ఏదో మసక కనిపించింది. అదే మంత్రిగారై ఉంటారని దానికి దండం పెట్టాడు. అది గోడకానించిన ఫ్రిజ్జు. మంత్రిగారు కిటికీ దగ్గర్నుంచి ఆప్యాయంగా వచ్చి భుజం మీద చెయ్యేశారు. ఎంత పెద్ద పదవిలో ఉన్నా మనిషికి గర్వం లేదు. ఫ్రిజ్జుకి పెట్టిన దండాన్ని కూడా తన ఖాతాలోనే వేసుకున్నారు.

"మేస్త్రీ! నీ జోడు పెట్టుకున్నప్పట్నుంచీ ప్రజల కష్టాలు నాకెంత స్పష్టంగా కనిపిస్తున్నాయో తెలుసా?"

"సంతోషం అయ్యా. నాకు మాత్రం స్క్రూలు కనిపించట్లేదు."

"అదిగో! అదే! నీ కష్టం నాకు కనిపిస్తోంది!"

"తమరికి సొంత జోడుంది కదయ్యా?"

"ఉంది. బంగారు ఫ్రేము, విదేశీ అద్దాలు. అది పెట్టుకుంటే సామాన్యుడు నాకు దూరమైపోతాడు మేస్త్రీ" అని మంత్రిగారు గొంతు గద్గదం చేసుకున్నారు. ఫోటోగ్రాఫర్ ఆ గద్గదాన్ని వెంటనే క్లిక్ మనిపించాడు. మేస్త్రి చేతిలో ఒక క్యాలెండర్ పెట్టి బయటకు పంపించారు. అందులో ప్రతి నెలా మంత్రిగారే.

ఆ ఫోటోతో మేస్త్రి కొంప మునిగింది. 'సామాన్యుడి కళ్లజోడుతో పాలన' అని పత్రికలు రాశాయి. గోడల నిండా పోస్టర్లు వెలిశాయి. గుండ్రటి జోడు, కీలు దగ్గర ఎర్ర దారం, దాని వెనక మంత్రిగారి చిరునవ్వు. కార్యకర్తలు కూడా గుండ్రటి జోళ్లు కొని, విరగని కీళ్లకి ఎర్ర దారాలు చుట్టుకుని తిరగసాగారు. దారం కట్టుకోని కార్యకర్త మీద అధిష్టానానికి అనుమానం మొదలైంది. బజారులో ఎర్ర దారం రీళ్లు ఖాళీ అయిపోయి, దర్జీలు నీలం దారంతో కుట్టుకున్నారు.

మేస్త్రి మాత్రం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. వెళ్లినప్పుడల్లా మర్యాద పెరిగింది, జోడు రాలేదు. ఒకసారి టీ ఇచ్చారు. ఒకసారి ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ఒకసారి 'ఆదర్శ దాత' అని సర్టిఫికెట్ ఇచ్చారు. "నేను దానం చెయ్యలేదు సార్, అడిగితే ఇచ్చాను" అని మేస్త్రి మొత్తుకుంటే, "దాతలందరూ వినయంగా అలాగే అంటారు" అని పీఏ మెచ్చుకున్నాడు.

బడ్డీలో బాగుచేయని వాచీలు పోగుపడ్డాయి. కొందరు ఓపిక పట్టారు, కొందరు తమవి తిరిగి తీసుకుపోయారు. ఎవరి వాచీ ఏదో పోల్చుకోలేక, ఒకాయనకి ఇంకొకావిడ వాచీ ఇచ్చి తిట్లు తిన్నాడు. అప్పుడింక భార్య ఊరుకోలేదు.

"ఈసారి నేనూ వస్తా. ఆ దారం నేను కట్టింది. నా దారంతో వాళ్లు ఊరేగడమేంటి?" అని చెంగు దోపింది.

ఆవిడ ఆఫీసులో పీఏ బల్ల ముందు నేల మీద చతికిలబడింది. "జోడు ఇచ్చేదాకా లేవను. మీ ఏసీ నాకేం కొత్త కాదు, మా ఆయన రోజూ వచ్చి చెబుతూనే ఉన్నాడు" అంది.

ఆడమనిషిని లేపితే పత్రికలవాళ్లు ఊరుకోరు. అందుకని పీఏ అక్కడికక్కడే ఒక కమిటీ వేశాడు. ముగ్గురు అధికారులు ఆగమేఘాల మీద వచ్చి కూర్చున్నారు.

"జోడు మీదేనని ఆధారం ఏమిటి?" అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

"దాంట్లోంచి చూస్తే నాకు కనిపిస్తుందండి. ఇంకెవరికీ కనిపించదు" అన్నాడు మేస్త్రి.

"కానీ మంత్రిగారికి స్పష్టంగా కనిపిస్తోందని వారే స్వయంగా చెబుతున్నారు. అంటే మీ లెక్క ప్రకారమే ఆ జోడు వారిదని తేలుతోంది కదా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆవిడ అందుకుంది. "అయితే మా ఆయన కళ్లు కూడా మంత్రిగారివేనని రాసేసుకోండి! ఆ మసక కళ్లు పెట్టుకుని మేమేం చేసుకుంటాం?" అంది.

కమిటీ దీన్ని సూచనగా స్వీకరించి, పరిశీలనకు పంపింది.

ఇంటికి వచ్చే దారిలో మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని నడిచాడు. గుంటలున్నచోట ఆవిడే చెప్పాలి. "ఇంక వదిలెయ్యి. వేరే పని ఏదైనా చూసుకుంటా" అన్నాడు. ఆయనకి చేతనైన పని గడియారాలు బాగుచెయ్యడమొక్కటే. చిన్నప్పట్నుంచీ చేసిన పని. అది పోతే ఆ మనిషి ఏమైపోతాడోనని ఆవిడకి దిగులేసింది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి కష్టమొచ్చింది. గడియార స్తంభం ఆగిపోయింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసు ఉద్యోగులైతే సంతోషించారు. ముల్లు పదింటి మీద ఆగింది కాబట్టి, ఎప్పుడొచ్చినా టైముకి వచ్చినట్టే. 'గడియారం ఆగలేదు, స్థిరత్వం సాధించింది' అని పీఏ ప్రకటన కూడా ఇచ్చాడు. కానీ ముఖ్యమంత్రిగారు ఊరికి వస్తున్నారని కబురొచ్చింది. ఫేజ్ వన్ చూసి ఫేజ్ టూ ప్రకటిస్తారట. గడియారం నడవకపోతే ఫేజ్ టూ లేదు. ఫేజ్ టూ లేకపోతే మంత్రిగారి పదవి పదింటి మీద ఆగిపోవచ్చు.

పీఏ పరుగు పరుగున బడ్డీకి వచ్చాడు. అంత పెద్ద ఆఫీసరు ఆ బడ్డీ ముందు స్టూలు మీద ఇరుక్కుని కూర్చోవడం బజారంతా చూసింది.

"మేస్త్రీ, ఒక్కసారి ఎక్కి చూడు."

"జోడు లేకుండా ఎక్కితే గడియారాన్ని నేను బాగుచెయ్యను సార్, గడియారమే నన్ను బాగుచేస్తుంది. పళ్లచక్రాల్లో వేలు పోతే ఎవరిస్తారు?"

"అది వేరే శాఖ చూసుకుంటుంది. ముందు ఎక్కు."

"ముందు జోడు."

"రెండు రోజుల్లో ఇప్పిస్తాను. నా మాట నమ్ము."

"రెండు నిమిషాలన్నప్పుడు నమ్మాను సార్."

వేరే ఊరి మేస్త్రిని తెప్పిద్దామని చూశారు. ఆయన వచ్చి, కింద నిలబడి పైకి చూసి, "ఇంత పాత యంత్రం నాకు తెలీదు" అని వెళ్లిపోయాడు. మంత్రిగారు ఎంతటి దార్శనికులంటే, ఓటమిలో కూడా సభ చూడగలరు. 'కళ్లజోడు పునఃప్రదాన మహోత్సవం' అని ప్రకటించారు. ముఖ్యమంత్రిగారి రాకకి ముందు, గడియారం కిందే, తన చేతుల మీదుగా, సామాన్యుడి జోడు సామాన్యుడికే. ఊరంతా కొత్త పోస్టర్లు పడ్డాయి.

ఆ కబురు విని మేస్త్రి పసిపిల్లాడైపోయాడు. బడ్డీ తుడిచాడు. చిమటాలు, స్క్రూడ్రైవర్లు వరసగా పరిచాడు. మెత్తటి గుడ్డ మీద నర్సమ్మ వాచీ పెట్టి, "సాయంత్రం వచ్చి తీసుకుపోమ్మా. గడియార స్తంభం దిగగానే మొదటి పని నీదే" అని చెప్పాడు. భార్య నేల మీద అంగుళం అంగుళం వెతికి, పోయిన స్క్రూని చీపురు సందులోంచి తీసి ఇచ్చింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచి, ఆ పెట్టెని మళ్లీ మళ్లీ ఊపి శబ్దం విన్నాడు. ఎన్ని నెలల తర్వాతో ఇల్లు నవ్వింది.

సభ రోజు వేదిక మీద మేస్త్రికి ఈసారి ముందు వరసలో కుర్చీ వేశారు. పక్కనే నిచ్చెన వేసి సిద్ధంగా ఉంచారు. మంత్రిగారు మైకు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఇన్ని నెలలుగా ఈ అద్దాల్లోంచే ప్రతి ఫైలూ చదివాను. ఈ అద్దాల్లోంచే మీ ప్రతి అర్జీ, అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఈ అద్దాల్లోంచే మీ ప్రతి కన్నీటి బొట్టునీ చూశాను!"

జనంలో కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్లని ముందే ఎంపిక చేసి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. మంత్రిగారు జోడు తీశారు. జేబురుమాలుతో అద్దాలు తుడిచారు, తుడిచినట్టే మేస్త్రికి అనిపించింది. తుడిచి, కెమెరాల వైపు తిరిగి, రెండు చేతులతో మేస్త్రి ముక్కు మీద పెట్టారు.

మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. జోడు ముక్కు మీద పాత గాడిలో కూర్చుంది. చెయ్యెత్తి చెవి దగ్గర తడిమాడు. భార్య వేసిన ముడి వేలికి తగిలింది. అదే దారం, అదే ముడి. తన జోడే. గుండెల మీంచి బరువు దిగిపోయినట్టయింది. నెమ్మదిగా కళ్లు తెరిచాడు.

గడియారం వైపు చూశాడు. మళ్లీ ఒకసారి రెప్పలార్పి చూశాడు. ముందు వరసలో భార్య ఎక్కడుందో వెతికాడు.

మంత్రిగారు మైకు ఆయన మూతి దగ్గర పెట్టారు. "చెప్పు మేస్త్రీ! ఇప్పుడు నీకు నేనెలా కనిపిస్తున్నాను?"

సభంతా చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి కాచుకుని ఉంది. మేస్త్రి మంత్రిగారి వైపు తిరిగాడు.

"ఇంతకుముందు ఎలా కనిపించారో, ఇప్పుడూ అలాగే కనిపిస్తున్నారయ్యా" అన్నాడు.

చప్పట్లు దద్దరిల్లాయి. పదవి వచ్చినా మారని మనిషి అని జనం ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. పీఏ ఆ వాక్యాన్ని అప్పటికప్పుడే కొత్త పోస్టర్ కోసం రాసుకున్నాడు. "జిందాబాద్!" అన్నారు కార్యకర్తలు. "ఎక్కు మేస్త్రీ, ఎక్కు! సీఎంగారి కారు మలుపు దాటింది!" అని ఎవరో వీపు మీద చెయ్యేసి నిచ్చెన వైపు నెట్టారు.

మేస్త్రి మొదటి మెట్టు మీద చెయ్యేసి ఆగిపోయాడు. అంతమందిలో ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాడు గానీ, ఆగలేదు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు.

మర్నాడు అన్ని పత్రికలూ మొదటి పేజీలో ఆ ఫోటోనే వేశాయి. పోగొట్టుకున్న చూపు మంత్రిగారి చేతుల మీదుగా తిరిగి దొరకగానే, కళ్లజోడు తియ్యకుండానే, అద్దం ఉండాల్సిన చోట్లోంచి వేలు లోపలికి పోనిచ్చి, ఆనందబాష్పాలు తుడుచుకుంటున్న మేస్త్రి.